అమెరికా 1776లోనే బయటపడితే మనకు 1947 దాకా ఎందుకు పట్టింది?

"రెండు దేశాలూ బ్రిటిష్ వాళ్ళ కిందే ఉన్నాయి కదా, అమెరికన్లు 1776లోనే వాళ్ళను తరిమేస్తే మనకు ఇంకో 171 ఏళ్ళు ఎందుకు పట్టింది? వాళ్ళ ఐకమత్యం మనకు లేకనా?" అని మీరు అడిగారు. నేను పుట్టి పెరిగింది బందరులో. పద్నాలుగేళ్ళుగా ఉంటున్నది వర్జీనియాలో. నన్నడిగితే ఆ పోలికే తప్పు. మా నాన్నగారితో తిరిగిన ఒక్క శనివారం నాకు ఆ సంగతి తెలిసొచ్చింది.

నాన్నగారు ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు స్నేహితులందరూ నయాగరా టికెట్లు బుక్ చేయమన్నారు. దేశం దాటి వచ్చిన పెద్దవాళ్ళను నయాగరాకీ మాల్స్‌కీ తిప్పి పంపించేస్తాం గానీ, మీకేం చూడాలనుంది అని ఒక్కరం అడగం. నేను అడిగాను. "జేమ్స్‌టౌన్ మీకు దగ్గరేనటగా తల్లీ" అన్నారు. అప్పటికి మావాడు నాలుగో తరగతి. ఆ ఏడాదంతా వాళ్ళకు వర్జీనియా చరిత్రే పాఠం. ముగ్గురం పొద్దున్నే బయల్దేరాం.

1607 మే నెలలో 104 మంది ఇంగ్లీషు మగవాళ్ళు, కుర్రాళ్ళు మూడు ఓడల్లో వచ్చి దిగిన చోటు అది. పక్కనే ఉన్న మ్యూజియంలో అలాంటి ఓడలే మళ్ళీ కట్టి నీళ్ళలో ఉంచారు. సుసాన్ కాన్‌స్టంట్ అనే పెద్ద ఓడ ఎక్కి నాన్నగారు చాలాసేపు ఆ తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. మావాణ్ణి దగ్గరికి పిలిచి, "కన్నా, ఇది వచ్చిన నాలుగేళ్ళకే, 1611లో, గ్లోబ్ అనే ఓడ మన బందరు రేవుకి వచ్చింది. వాళ్ళూ వీళ్ళూ ఒకే ఊరి వ్యాపారులురా" అన్నారు. ఇంటికొచ్చాక వెతికితే ఆయన మాట నిజమే. లండన్‌లో ఆ ఏడాది, జేమ్స్‌టౌన్‌కు మనుషుల్ని పంపిన వర్జీనియా కంపెనీకీ, బందరుకు గ్లోబ్‌ను పంపిన ఈస్టిండియా కంపెనీకీ పెద్ద ఒక్కరే: థామస్ స్మిత్.

మరి ఒకే పెద్దమనిషి పంపినవాళ్ళు రెండు చోట్లా రెండు రకాలుగా ఎందుకు తయారయ్యారు? బందరులో వాళ్ళకు కావలసింది అద్దకం బట్టలు. అవి కావాలంటే మన నేతగాళ్ళు, అద్దకం పనివాళ్ళు బతికుండాలి. వర్జీనియాలో బంగారం దొరకలేదు. 1609–10 చలికాలంలో తిండి లేక దాదాపు 300 మందిలో 60 మందే మిగిలారు. తర్వాత జాన్ రోల్ఫ్ పొగాకు పండించి 1614లో ఇంగ్లండుకు పంపాక డబ్బు కనిపించింది. మన ఒంగోలు రైతులు వర్జీనియా పొగాకు అంటారే, ఆ వర్జీనియా ఇదే. పొగాకు నేలను పీల్చేస్తుంది, నాలుగు పంటలకే కొత్త నేల కావాలి. ఆ నేల అక్కడి మూలవాసులైన పౌహాటన్ వాళ్ళది, సుమారు ముప్పై తెగలు. ఇక్కడ కంపెనీకి భూమి కావాలి, మనుషులు అక్కర్లేదు. దున్నడానికి 1619 ఆగస్టులో ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను దింపారు. దానికి కొన్ని వారాల ముందే, జేమ్స్‌టౌన్ చర్చిలో, ఎన్నికైన ప్రతినిధుల మొదటి సభ జరిగింది. స్వపరిపాలన, బానిసత్వం రెండూ ఒకే ఎండాకాలంలో మొదలయ్యాయి. మావాడికి బళ్ళో ఇచ్చిన కాగితంలో మొదటిదానికి సగం పేజీ, రెండోదానికి ఒక్క లైను. నాకు చాలా కోపం వచ్చింది.

మ్యూజియంలో పౌహాటన్ ఇళ్ళు కూడా కట్టారు. కర్రలు వంచి, పైన రెల్లు చాపలు కప్పిన ఇళ్ళు. నాన్నగారు వంగి లోపలికి వెళ్ళి, చాప మీద చెయ్యి వేసి, "మన తుంగచాప వాసనేనమ్మా" అన్నారు. కాసేపు అక్కడే కూర్చుండిపోయారు. బయటికొచ్చాక, "ఈ కథలో మనం ఎవరిమో తెలుసా? ఇదిగో, ఈ ఇంటివాళ్ళం" అన్నారు.

మీ ప్రశ్నకు నా జవాబు అదే. 1776లో తిరగబడినవాళ్ళు ఆ ఓడల్లో వచ్చినవాళ్ళ బాపతే. కొడుకులు ఆస్తి కోసం తండ్రితో తగువు పడ్డట్టు. తగువుకి కారణం కూడా సగం మన దగ్గరే ఉంది. 1759లో బ్రిటిష్ అధికారి కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి బందరు కోట లాక్కున్నాడు. అదే యుద్ధంలో, అదే ఏడాది, కెనడాలో ఫ్రెంచివాళ్ళ క్వెబెక్ కూడా బ్రిటిష్ వాళ్ళ వశమైంది. ఫ్రెంచి భయం తీరాక వలసవాళ్ళకు లండన్ అవసరం తగ్గింది, యుద్ధపు అప్పు తీర్చడానికి లండన్‌కు వాళ్ళ పన్నులు కావలసి వచ్చాయి. 1765లో స్టాంపు పన్ను, 1773లో ఈస్టిండియా కంపెనీని గట్టెక్కించడానికి టీ చట్టం. ఆ కోపంతో వలసవాళ్ళు ఆ డిసెంబరులో బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ నీళ్ళలో పారేశారు.

మధ్యాహ్నం యార్క్‌టౌన్ వెళ్ళాం, జేమ్స్‌టౌన్ నుంచి అరగంట దారి. 1781 అక్టోబరులో ఏడు వేలకు పైగా సైన్యంతో బ్రిటిష్ జనరల్ లొంగిపోయిన మైదానం. సముద్రం వైపు దారి మూసేసింది ఫ్రెంచి నౌకాదళం. అమెరికన్లు ఒంటరిగా గెలిచారనేది ఉత్తమాట. బోర్డు మీద ఆ జనరల్ పేరు చూసి నాన్నగారు ఆగిపోయారు. "కారన్‌వాలిస్! ఇతనేనా!" అన్నారు. ఒంట్లో బాగోలేదని లొంగుబాటుకు కూడా రాకుండా కింది అధికారిని పంపిన ఆ మనిషే 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1793లో బెంగాల్లో జమీందారీ శాశ్వత శిస్తు పెట్టాడు. 1802 నుంచి అదే పద్ధతి మన ఉత్తర సర్కారులకూ, అంటే కోస్తా జిల్లాలకూ వచ్చింది. "ఇక్కడ ఓడినవాడి చేతికి మన పొలాలు అప్పగించారు" అన్నారు నాన్నగారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన పేరును ఆ ఓడిపోయిన చోట చూడటం ఆయనకు పెద్ద విషయం.

ఇక ఐకమత్యం మాట. 1783లో బ్రిటన్‌తో సంధి అయ్యాక పదమూడు రాష్ట్రాలూ ఎవరి దారి వారిది. కేంద్రానికి పన్ను వేసే హక్కే లేదు. మసాచుసెట్స్‌లో అప్పుల పాలైన రైతులు తిరగబడ్డారు. అప్పుడు 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని రాజ్యాంగం రాశారు, 39 మంది సంతకం చేశారు. 1789 ఏప్రిల్లో వాషింగ్టన్ మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. ఆ తర్వాత కూడా అప్పు ఎవరు మోయాలి, రాజధాని ఎక్కడ పెట్టాలి అని గొడవ. రాష్ట్ర విభజన చూసిన మనకు ఈ గొడవ కొత్తేం కాదు. 1790లో బేరం కుదిరింది: రాష్ట్రాల అప్పులు కేంద్రానికి, రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకి. అదే ఏడాది మొదటి జనాభా లెక్కల్లో 39 లక్షల మంది తేలితే, అందులో దాదాపు ఏడు లక్షలు బానిసలు. తెగల వాళ్ళను అసలు లెక్కే పెట్టలేదు. వీళ్ళందరికీ 1776లో ఏం వచ్చిందో చెప్పి అప్పుడు మనతో పోల్చండి.

నాన్నగారు నవంబరు దాకా ఉన్నారు. థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు టీవీలో పౌహాటన్లలోని పమంకీ, మాటపొనై తెగల వాళ్ళు వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో గవర్నర్ ఇంటి ముందు జింకను తెచ్చి పెట్టడం చూపించారు. ఇంగ్లీషు వాళ్ళతో చేసుకున్న 1646, 1677 ఒప్పందాల ప్రకారం ఏటా ఇచ్చేది, పన్నుకు బదులు. ఒప్పందంలో తమ మాట తాము నిలబెట్టుకుంటున్నామని వాళ్ళకు అది గర్వం. నాన్నగారు సోఫాలోంచి ముందుకు వంగి, "శిస్తమ్మా అది" అన్నారు. శిస్తంటే ఏంటి తాతయ్యా అని మావాడు అడిగాడు. టీవీ ఆపేసి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టారు.