పెదనాన్నకు నోటీసు పంపే ముందు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న వీలునామా ప్రకారం నీకు రావాల్సిన పొలం వాటా కోసం నువ్వు బెంగళూరులో వకీలుతో మాట్లాడి పెదనాన్నగారికి నోటీసు రాయిస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. పిల్ల తన వాటా తనే అడుగుతోందని ఒక పక్క ముచ్చటేసింది. ఇంకో పక్క, ఆయన ఆ కాగితాన్ని అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చదివి వినిపించడం కళ్ళ ముందు మెదిలి నిద్ర పట్టలేదు. నోటీసు వద్దనను. అది ఆఖరున పంపేది. నువ్వు మొదటే పంపేస్తున్నావు.

ముందు లెక్క సరిచూసుకో. మీ నాన్న పోయి 14 నెలలు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, మనిషి పోయిన తేదీ నుంచి ఏడాది నిండేదాకా ఎగ్జిక్యూటరు (వీలునామాను అమలు చేసే మనిషి, మీరంతా అనుకుంటున్న ప్రకారం పెదనాన్నగారు) ఎవరి వాటా వాళ్ళ చేతిలో పెట్టి తీరాలని లేదు. అంటే ఆయన ఆలస్యం ఇప్పటికి రెండు నెలలే. "ఏడాదికి పైగా తాత్సారం చేస్తున్నారు" అని నోటీసులో రాస్తే అవతలి వకీలు మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే. వీలునామా కింద రావాల్సిన వాటా కోసం ఎగ్జిక్యూటరు మీద దావా వేయడానికి 12 ఏళ్ళ గడువుంది. కాబట్టి రేపటికి రేపు కొంపేమీ మునగదు.

ఆయన కదలకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాకపోవచ్చు. చట్టం పెట్టిన వరస ఇది: ముందు దహనసంస్కారాల ఖర్చు, చివరి నెల రోజుల వైద్యం ఖర్చు, తర్వాత కోర్టుకు వెళ్ళివుంటే ఆ ఖర్చు, చివరి మూడు నెలల్లో పనిచేసినవాళ్ళ జీతాలు, తర్వాత అప్పులు, ఆ తర్వాతే వాటాలు. అప్పు తీర్చకుండా వాటాలు పంచేస్తే రేపు అప్పిచ్చినవాడు వచ్చి ఎగ్జిక్యూటరు మెడ మీద కూర్చుంటాడు. సొసైటీలో పంట రుణం తీరిందో లేదో మీలో ఎవరైనా కనుక్కున్నారా? నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న "నా వాటా ఎప్పుడు" అని కాదు, "నాన్న అప్పులు ఎంత తేలాయి పెదనాన్నా" అని. అలా అడిగితే ఆయన నోరు విప్పుతారు.

ఇక వీలునామా. అది ఆయన బీరువాలో ఉందని మీరంతా ఆయన మొహం చూస్తూ కూర్చోవడమేమిటి? రిజిస్టరైన వీలునామా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో మూడో నంబరు పుస్తకంలో నకలు అయివుంటుంది. రాసినవాళ్ళు బతికుండగా ఆ నకలు ఇంకెవరికీ ఇవ్వరు. పోయాక దరఖాస్తు పెట్టిన ఎవరికైనా ఇస్తారు. మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకెళ్ళి సర్టిఫైడ్ కాపీ తీసుకో. అందులో ఆయన్ను ఎగ్జిక్యూటరుగా నిజంగా రాశారో లేదో నీ కళ్ళతో చూడు. పెద్దవాడు కాబట్టి పెత్తనం ఆయనదేనని అందరూ అనుకోవడం, తీరా కాగితంలో ఆ మాటే లేకపోవడం మన వైపు మామూలే. లేకపోతే ఆయన అనుమతి కోసం ఆగే పనే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరం రాయడం దీని కోసమే. మీ అమ్మ మాటల మధ్యలో అంది: "బావగారు ముందు పొలమంతా తన పేరు మీద మార్పించుకుని, తర్వాత పిల్లలకు రాసిస్తానంటున్నారు, ఒక్క సంతకం చేస్తే చాలట." వద్దు. మీ ముగ్గురిలో ఎవరూ చేయొద్దు. పాతకాలం నుంచీ కుటుంబాలు పడుతున్న గొయ్యి ఇదే. చెప్పేటప్పుడు సబబుగానే ఉంటుంది: ఒకటే దరఖాస్తు, ఒకటే తిరుగుడు, పట్నంలో ఉన్న పిల్లలకు సెలవులు పెట్టే బాధ లేదు. చెప్పేవాళ్ళలో చాలామందికి చెడ్డ ఉద్దేశం కూడా ఉండదు. చెడేది తర్వాత. "మాకు అభ్యంతరం లేదు" అని స్టాంపు కాగితం మీద మీరు చేసిన సంతకం, నాలుగేళ్ళు గడిచాక హక్కు వదులుకున్నట్టుగా చదవబడుతుంది. రెవెన్యూవాళ్ళ భూమి రికార్డులైన 1బిలో, అడంగల్‌లో ఆయన పేరెక్కి పట్టాదారు పాస్‌బుక్ వస్తుంది. రికార్డులో ఉన్న పేరు, తప్పని రుజువయ్యేదాకా సరైనదేనని 1971 నాటి పాస్‌బుక్కుల చట్టం అంటుంది. ఆ రుజువు భారం మీ నెత్తిన పడుతుంది. పాస్‌బుక్ మీద పంట రుణం పుడుతుంది. తిరిగి మీకు రాయాలంటే దాన సెటిల్మెంటో ఇంకోటో చేయాలి, దానికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు. వీలునామా ద్వారా ఊరికే రావాల్సిన పొలానికి డబ్బు కట్టి తెచ్చుకోవడమన్నమాట. ఈలోపు ఆయనకేమైనా అయితే, ఆ పేరు మీదున్నదంతా మాదేనని ఆయన పిల్లలు అనుకుంటారు. వాళ్ళను తప్పుపట్టడానికీ ఉండదు, వాళ్ళ చేతిలో ఉన్న కాగితం అదే చెబుతుంది.

ఆయన చేయాల్సింది అంతకంటే చాలా చిన్న పని. వీలునామా ద్వారా మీకు వచ్చే హక్కు పూర్తి కావడానికి ఎగ్జిక్యూటరు అంగీకారం కావాలి, అంతే. చట్టం దృష్టిలో అది నోటిమాటగా ఉన్నా చెల్లుతుంది. మనం మాత్రం కాగితం మీదే తీసుకుందాం: సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాల్లో సెంట్లలో, నాలుగు హద్దులు, "ఫలానా తేదీ వీలునామా ప్రకారం ఈ భూమిని ఫలానావారికి ఇవ్వడానికి ఎగ్జిక్యూటరుగా అంగీకరించి స్వాధీనం చేశాను" అని ఒక్క వాక్యం, తేదీ, సంతకం, ఇద్దరు సాక్షులు. ఆ కాగితం, వీలునామా నకలు, మరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి నేరుగా మీ పేర్ల మీదే మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు, పెట్టండి. రసీదు నంబరు జాగ్రత్త. తహసీల్దారు కాదంటే ఆర్డీవో దగ్గర అప్పీలుంది. ప్రొబేటు (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెమ్మని ఎవరైనా భయపెడితే బెదరొద్దు, మన జిల్లాల్లో హిందువుల వీలునామాకు అది తప్పనిసరి కాదు.

నాకు రాత్రిళ్ళు గుర్తొచ్చే భయం ఇంకోటుంది: సాక్షులు. వీలునామా రిజిస్టరైనంత మాత్రాన రుజువైపోదు. తగువు కోర్టుకెక్కితే, సంతకం చేసిన ఇద్దరు సాక్షుల్లో బతికున్నవాళ్ళు ఒక్కరైనా బోనెక్కి చెప్పాలి. ఇద్దరూ పోతే, సాక్షి చేతిరాతనీ మీ నాన్న సంతకాన్నీ వేరేగా రుజువు చేయాలి. అందులో ఒకాయనకు ఎనభై దాటాయి కదా. ఈసారి వచ్చినప్పుడు ఆయన్ను కలిసి, ఆ రోజు ఎవరెవరున్నారో అడిగి నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించు. బోనులో చెప్పే సాక్ష్యానికి అది సాటి రాదు, కానీ ఏమీ లేకపోవడం కంటే నయం. ఆ సాక్షి సంతకమున్న పాత నోట్లు, దస్తావేజులు ఏమైనా దొరికితే ఫొటోలు తీసుకో. మీ నాన్న కౌలు లెక్కల చిట్టా కూడా దాచు. ప్రతి పేజీ అడుగున సంతకం పెట్టే అలవాటు చూసి అందరం నవ్వేవాళ్ళం. ఆ సంతకాలే రేపు పనికొస్తాయి.

బ్యాంకు సంగతి పెదనాన్నతో ముడిపెట్టకు. డిపాజిట్లకు నామినీ మీ అమ్మే కాబట్టి క్లెయిము ఆవిడే పెట్టొచ్చు. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో తేల్చాలి. కాకపోతే నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, దాని హక్కుదారు కాదు. అది వీలునామా ప్రకారమే పోవాలి. మీ నాన్న ఏటీఎం కార్డు ఇంకా వాడుతుంటే ఈరోజే ఆపండి. లాకరు తెరిచేటప్పుడు బ్యాంకువాళ్ళు సాక్షుల ముందు జాబితా రాస్తారు, దాని ప్రతి తీసుకో.

ఇవన్నీ అయ్యాక ఆయన దగ్గరికి స్వయంగా వెళ్ళు, ఒక్క కాగితంతో. అందులో నాలుగే అడుగు: ఆస్తుల జాబితా, అప్పుల జాబితా, ఈ 14 నెలల కౌలు ఎంత వచ్చింది ఎంత ఖర్చయింది, అంగీకార పత్రం ఏ తేదీకి ఇస్తారు. తేదీ ఆయన నోటితోనే చెప్పించు. తిరిగొచ్చిన వారంలో "మీరు చెప్పిన ప్రకారం" అని మొదలుపెట్టి అదే సంగతి ఉత్తరంగా స్పీడ్ పోస్టులో పంపు, అందినట్టు రుజువు తీసుకో. ఆ తేదీ దాటి 30 రోజులైతే అప్పుడు మీ వకీలు నోటీసు. ఆయన నా వల్ల కాదంటే రాతపూర్వకంగా తప్పుకోవచ్చు, మీరు జిల్లా కోర్టులో వీలునామా జతపరిచిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి వ్యవహారం చూడడానికి కోర్టు ఇచ్చే అధికార పత్రం) తెచ్చుకోవచ్చు. అయితే వసూలు చేసిన కౌలుకు లెక్క చెప్పకుండా తప్పుకోవడం కుదరదు. తొలగించమని హైకోర్టుకు వెళ్ళే దారి కూడా ఉంది. అది మాత్రం నేనుండగా చూడాలని లేదు.

వెళ్ళేటప్పుడు మీ అన్నయ్యను వెంటబెట్టుకోకు, వాడు గుమ్మంలోనే మొదలుపెడతాడు. అమ్మను తీసుకెళ్ళు. ఉదయం కాఫీ అయ్యాక వెళ్ళు, మధ్యాహ్నం అయితే ఆయన కునుకు తీస్తారు. ఆయనకు చూపు ఆనడం లేదు, అడిగితే ఒప్పుకోరు. కాగితం పెద్ద అక్షరాల్లో తెలుగులో టైపు చేయించు.

మామయ్య