చెవుడు వయసు వల్లేనంటున్నారు, పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మా ఆయనకు 44 ఏళ్లు. పదిహేనేళ్లుగా ఒక ఫోర్జింగ్ షాపులో (కాల్చిన ఇనుమును యంత్రం సుత్తితో కొట్టి మలిచే చోట) హ్యామర్ దగ్గర కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారు. ఏడాదిగా చెవిలో ఒకటే హోరు, వెనక నుంచి పిలిస్తే పలకరు. ఆడియోగ్రామ్ తీస్తే రెండు చెవులకూ వినికిడి తగ్గిందన్నారు. మేనేజరేమో 'వయసుతో వచ్చేదే, పైగా ఇయర్‌ప్లగ్స్ ఇచ్చాం, పెట్టుకోకపోతే మా తప్పా?' అంటున్నారు. మాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉందమ్మా. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోనూ, 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనూ మూడో షెడ్యూల్లో వృత్తి వ్యాధిగా రాసి ఉంది. అలాంటి పనిలో ఆరు నెలలకు తగ్గకుండా వరసగా చేసినవాళ్లకు ఈ జబ్బు వస్తే అది పని వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది యజమాని. అంటే 'వయసు వల్ల' అని మేనేజరు నోటిమాటగా అంటే చాలదు. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టాల స్థానంలో లేబర్ కోడ్‌లు వచ్చాయి గానీ అక్కడి షెడ్యూల్లో కూడా ఈ జబ్బు ఉంది. మీకు పాతది వర్తిస్తుందా కొత్తదా అన్నది లోపం ఎప్పుడు బయటపడిందన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మొదటిసారి చూపించుకున్న ఓపీ చీటీ పారేయకండి.

ఇక ఆ ఆడియోగ్రామ్ ఒకసారి బయటికి తీసి చూడండి. శబ్దం దెబ్బ తగిలిన చెవి గ్రాఫు మామూలుగా 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా దిగి, 8000 దగ్గర మళ్లీ కొంచెం పైకి లేస్తుంది. వయసు వల్ల అయితే ఆ లేవడం ఉండదు, గీత కిందికే జారుతూ పోతుంది. ఏళ్ల తరబడి శబ్దంలో ఉంటే ఆ గుంట వెడల్పై స్పష్టంగా కనిపించకపోవచ్చు కూడా, అందుకే గ్రాఫు ఒక్కటే చాలదు, 'ఇది శబ్దం వల్ల వచ్చిన లోపం' అని ఈఎన్‌టీ డాక్టరు చేత రాయించుకోండి. పరీక్షకు ముందు రాత్రి షిఫ్టు చేసి నేరుగా వెళ్లొద్దని చెప్పండి. శబ్దంలోంచి వచ్చిన వెంటనే వినికిడి తాత్కాలికంగా తగ్గుతుంది, అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

ప్లగ్స్ సంగతి. ఇచ్చాం అంటే అయిపోదు. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో పరిమితి ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్, అమెరికా పరిశోధన సంస్థ నియోష్ అయితే 85 దాటకూడదంటుంది. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది, కాబట్టి ఆ ఐదు చిన్న తేడా ఏమీ కాదు. ఇదే నియోష్ 1998లో ఇంకో మాట చెప్పింది: మెత్తటి ఫోమ్ ప్లగ్స్ ఇన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయని పెట్టె మీద రాసిన రేటింగులో సగమే లెక్కలోకి తీసుకోండి అని, ఎందుకంటే ల్యాబులో పెట్టుకున్నంత సరిగ్గా షాపులో ఎవరూ పెట్టుకోలేరు. సైజు సరిచూశారా, ఎలా పెట్టుకోవాలో నేర్పించారా, ఏటా వినికిడి పరీక్ష చేయించారా? ఇవి అడగండి. మీ వారు కావాలనే ఆదేశం ధిక్కరించారని వాదిస్తే అది నిరూపించాల్సిందీ కంపెనీయే.

ఎక్కడికి వెళ్లాలి అంటే, ముందు జీతం చీటీ చూడండి. ఈఎస్ఐ కోత ఉంటే ఈఎస్ఐ ఆఫీసులోనే క్లెయిం వేయాలి, మెడికల్ బోర్డు లోపం శాతం తేలుస్తుంది, అప్పుడు పరిహార చట్టం కింద విడిగా అడగడం కుదరదు. ఈఎస్ఐ లేకపోతే పరిహారాల కమిషనరు దగ్గరికి. కాంట్రాక్టు మనిషి కదా అని కంపెనీ చేతులు దులుపుకోలేదు, ప్రధాన యజమానిగా చెల్లించి తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం వాళ్ల తలనొప్పి.

గడువు మాత్రం గుర్తుంచుకోండి. పాత చట్టంలో రెండేళ్లు, పనికి వెళ్తూనే ఉన్నవాళ్లకు యజమానికి నోటీసు ఇచ్చిన రోజు నుంచి లెక్క. కాబట్టి ఈ వారమే ఒక ఉత్తరం రాయండి: ఫలానా తేదీన వినికిడి లోపం తేలింది, పని శబ్దమే కారణం, షాపులో శబ్దం కొలిచిన రిపోర్టులు, నా వైద్య పరీక్షల రికార్డులు ఇవ్వండి అని. కంపెనీకీ కాంట్రాక్టరుకూ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈలోగా 'కంపెనీ నుంచి నాకు రావలసింది ఏమీ లేదు' అనే కాగితం ముందు పెడితే మీ వారు సంతకం పెట్టొద్దు. ఒకవేళ ఇప్పటికే పెట్టేసి ఉంటే టెన్షన్ పడకండి, పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు.