నడుం మీద గడ్డ, జారిపోయే చెప్పు, తడిసే యూనిఫాం... మూడింటికీ మూలం ఒకటే కావచ్చు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పల్లె. మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. పుట్టినప్పటి నుంచి నడుం కింద నిమ్మకాయంత మెత్తటి గడ్డ, దాని మీద కొన్ని వెంట్రుకలు ఉన్నాయి. కొవ్వుగడ్డే అన్నారు, వదిలేశాం. నాలుగేళ్లకే పక్క తడపడం మానేసిన పిల్ల ఈ ఆరు నెలలుగా రాత్రి పక్క, బడిలో యూనిఫాం తడిపేస్తోంది, టీచర్ కోప్పడుతున్నారు. నులిపురుగుల మందు, యూరిన్ ఇన్‌ఫెక్షన్ మందు వాడినా తగ్గలేదు. కుడి కాలి చెప్పు జారిపోయినా చూసుకోకుండా అలాగే నడిచేస్తుంది. ఒక సర్జన్ గడ్డను చిన్న ఆపరేషన్‌తో తీసేద్దాం అంటున్నారు. వెన్నుపూస దగ్గర కత్తి పెడితే కాళ్లు పడిపోతాయని మా అత్త ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి? రెండో బిడ్డ కోసం చూస్తున్నాం, ఆ బిడ్డకూ ఇలాగే వస్తుందా?

జవాబు: అమ్మా, ముందుగా పాపను మూత్రం విషయంలో ఎవరూ ఒక్క మాట కూడా అనకుండా చూడండి. ఆ టీచర్ గారిని కలిసి, ఇది జబ్బు, అడిగిన వెంటనే బాత్రూంకు పంపించండి అని చెప్పి రండి. ఎప్పుడో వచ్చిన అదుపు మళ్లీ పోయిందంటే అది బద్ధకం కాదు, మొండితనం అసలే కాదు.

మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ కంగారు పుట్టించింది గడ్డ కాదు, చెప్పు. చెప్పు నిలబడాలంటే వేళ్లు దాన్ని పట్టుకోవాలి, జారితే అరికాలికి తెలియాలి, మీ పాపకు ఈ రెండూ తగ్గినట్టున్నాయి. ఈ రోజే రెండు పాదాలూ పక్కపక్కన పెట్టించి చూడండి. కుడిది ఎడమదాని కన్నా చిన్నగా ఉందా, అరికాలి వంపు ఎక్కువైందా, వేళ్లు వంకరపోయి ముడుచుకున్నాయా, మడమ దగ్గరో బొటనవేలి కిందో పుండు ఉండి కూడా నొప్పి లేదంటోందా? మన రాయలసీమ ఎండల్లో తారు రోడ్డు మీద వట్టి కాళ్లతో నడిచి, బొబ్బలు లేచిన సంగతి ఇంటికొచ్చి అమ్మ చూసేదాకా తెలియని పిల్లలు మా ఓపీకి వస్తుంటారు.

గడ్డ, కాలు, మూత్రం మూడూ కలిపి చూస్తే నాకు ముందు అనుమానం వచ్చేది టెథర్డ్ కార్డ్ మీద, అంటే వెన్నుపాము కింద అతుక్కుపోయి కదల్లేకపోవడం. మామూలుగా వెన్నుపాము నడుం పైభాగంలోనే, అంటే మొదటి రెండు నడుం పూసల దగ్గరే ముగుస్తుంది, దాని కింద నరాలు మాత్రమే ఉంటాయి. కొందరు పిల్లల్లో చర్మం కింది కొవ్వు పూసల మధ్య సందులోంచి లోపలికి వెళ్లి వెన్నుపాముకు అతుక్కుపోయి ఉంటుంది, దీన్ని లైపోమైలోమెనింగోసీల్ అంటాం. పైకి కనిపించే మెత్తటి గడ్డ దాని కొస మాత్రమే. పిల్ల పొడవు పెరిగేకొద్దీ వెన్నెముక పెరుగుతుంది, కింద అతుక్కున్న వెన్నుపాము మాత్రం కదల్లేక సాగిపోతుంది, గుంజకు కట్టిన దూడ ఎంత లాగితే పలుపు అంత బిగుసుకున్నట్టు. ఆ లాగుడుకు రక్త ప్రసరణ తగ్గి నరాలు నీరసిస్తాయి. అందుకే మూడేళ్లకు బాగానే ఉన్న పిల్ల ఏడేళ్లకో పన్నెండేళ్లకో, పొడవు సాగే వయసులో, ఉన్నట్టుండి ఇబ్బంది పడుతుంది. మలబద్ధకం, నడుం నొప్పి, నడకలో తేడా కూడా ఇందులోనివే.

ఇప్పుడు ఆ సర్జన్ గారు చెప్పిన చిన్న ఆపరేషన్ సంగతి. దయచేసి ఎంఆర్ఐ తీయకుండా ఆ గడ్డ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి. పైపైన కొవ్వు కోసేసి కుట్లు వేస్తే అందం వస్తుందేమో గానీ లోపలి అతుకు అలాగే ఉంటుంది, పైగా కొవ్వులో కలిసిపోయి ఉన్న నరాలు తెగే ప్రమాదం ఉంది. తర్వాత అసలు ఆపరేషన్ చేయాల్సి వస్తే ఆ పాత మచ్చల మధ్య పని చేయడం ఎంతో కష్టం. కాలు వంకరకు మాత్రమే ఆపరేషన్ చేయించి, వీపు ఎవరూ చూడక, వంకర మళ్లీ తిరగబెట్టిన పిల్లలూ ఉన్నారు.

కావాల్సిన పరీక్షల్లో మొదటిది వెన్నెముక మొత్తానికి ఎంఆర్ఐ. దీంట్లో రేడియేషన్ ఉండదు, కాకపోతే కదలకుండా పడుకోవాలి కాబట్టి కొందరు పిల్లలకు మత్తు ఇస్తారు. మూడు నాలుగు నెలల లోపు పసికందుకైతే వీపు మీద అల్ట్రాసౌండ్ చేసినా లోపల కనిపిస్తుంది, తర్వాత ఎముక గట్టిపడి కనిపించదు. రెండోది కిడ్నీలు, మూత్రాశయం స్కానింగ్. పాప మూత్రం పోసుకున్నాక కూడా లోపల ఎంత మిగిలిందో అందులోనే చూడమని గట్టిగా అడగండి. అవసరమైతే మూత్రాశయం ఎలా నిండుతోందో, ఎలా ఖాళీ అవుతోందో చూసే యూరోడైనమిక్స్ పరీక్ష చేస్తారు. దీన్ని నిర్లక్ష్యం చేయొద్దు, నిలవ ఉన్న మూత్రం పైకి తన్ని కిడ్నీలు పాడైతే ఆ నష్టం కాలు నష్టం కన్నా పెద్దది.

మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారేయను, అందులో నిజం కొంత ఉంది. నరాలు దెబ్బతినే అవకాశం, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్ను నీరు కారడం, ఇన్‌ఫెక్షన్, కొందరికి కొన్నేళ్ల తర్వాత మళ్లీ అతుక్కోవడం ఉన్నాయి, డాక్టర్ ఇవి మీకు చెప్పే సంతకం తీసుకోవాలి. కానీ ఆవిడకు ఇంకో వైపు కూడా చెప్పండి. వదిలేస్తే పాప ఇలాగే ఉండిపోదు, ఆ లాగుడు ఆగదు కాబట్టి ఇంకా దిగజారే ప్రమాదమే ఎక్కువ. ఆపరేషన్‌లో మైక్రోస్కోప్ కింద కొవ్వును కొద్దికొద్దిగా తీస్తూ, ఏది నరం ఏది కాదో చిన్న కరెంటుతో తాకి కండరం కదులుతోందా అని చూసుకుంటూ వెన్నుపామును విడిపిస్తారు. కొవ్వు మొత్తం తీయడం కుదరకపోవచ్చు, అంటుకున్న చోట విడిపించడమే ముఖ్యం. వెన్ను నీరు కారకుండా తర్వాత కొన్ని రోజులు పాపను లేవనివ్వరు. నొప్పి ఉన్నవాళ్లకు అది బాగా తగ్గుతుంది, కాలి బలం కొందరికి మెరుగవుతుంది, మూత్రం అదుపు మాత్రం అందరికీ తిరిగి రాదు. రోజులు గడిచేకొద్దీ ఆ అవకాశం ఇంకా తగ్గుతుంది. ఆరు నెలలు ఇప్పటికే పోయాయి, దసరా సెలవులు, పరీక్షలు అని చూడకండి. అదుపు రాకపోయినా, రోజుకు కొన్ని సార్లు శుభ్రంగా సన్నటి గొట్టంతో మూత్రం తీసే పద్ధతి నేర్పిస్తారు, దానితో పిల్లలు హాయిగా బడికి వెళ్తున్నారు.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగం ఉంది, తిరుపతి స్విమ్స్, బెంగళూరు నిమ్హాన్స్ కూడా ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా పిల్లల వెన్ను ఆపరేషన్లు చేసే న్యూరోసర్జన్‌నే అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ గురించి 104కు ఫోన్ చేసి కనుక్కుని, కార్డులు వెంట తీసుకెళ్లండి. బడికి వచ్చి పిల్లలను పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే టీమ్ చూడాల్సిన జబ్బుల జాబితాలో ఇలాంటి పుట్టుక లోపాలూ ఉన్నాయి, వాళ్ల ద్వారా రెఫర్ చేయించుకోవచ్చు. ఈలోగా మూత్రం పూర్తిగా ఆగిపోయినా, కాలు ఒక్కసారిగా నీరసించినా, జ్వరంతో పాటు గడ్డ దగ్గర నీరు కారినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇది చదివే మిగతా తల్లులు టెన్షన్ పడకండి. మలద్వారానికి దగ్గరగా, పిరుదుల సందులో ఉండే చిన్న సొట్ట చాలామంది పిల్లలకు ఉంటుంది, దానివల్ల సాధారణంగా ఏమీ కాదు. నడుం మీద కాస్త పైన సొట్ట, వెంట్రుకల గుత్తి, మెత్తటి గడ్డ, ఎర్ర మచ్చ ఉంటేనే చూపించాలి.

రెండో బిడ్డ విషయానికొస్తే, మీరు తిన్నదీ తిననిదీ కారణం అనుకుని బాధపడకండి, ఈ కొవ్వు రకానికి ఫోలిక్ యాసిడ్ లోపమే కారణమని రుజువు కాలేదు. అయినా బిళ్ల మానొద్దు. బిడ్డ వెన్ను గర్భం కట్టిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు, అందుకే గర్భానికి కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ముందు బిడ్డ వెన్ను తెరుచుకుని పుట్టి ఉంటే పది రెట్లు, 4 మిల్లీగ్రాములు ఇస్తారు, మన షాపుల్లో దొరికేది 5 మిల్లీగ్రాముల బిళ్ల. మీకు ఏ డోసు అన్నది పాప ఎంఆర్ఐ రిపోర్టు చూపించి గైనకాలజిస్టును అడగండి, ఐదో నెల స్కానింగ్‌లో బిడ్డ వెన్నెముకను ప్రత్యేకంగా చూడమని చెప్పండి.