పేరు పాతది, పెట్టె కొత్తది

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక పల్లె. ఒగ్గుకథ బృందానికీ, బతుకమ్మ రోజుల్లో ఊరి ఆటకూ పనికివచ్చేలా ఒక జత స్పీకర్లు కొనాలనుకుంటున్నాం. వరంగల్‌లోని ఒక దుకాణంలో 15 అంగుళాల పవర్డ్ స్పీకర్లు (యాంప్లిఫయర్ లోపలే ఉండేవి) చూపించారు. వాటిపై 3000 వాట్స్ అని రాసి ఉంది. పెద్ద కంపెనీల పెట్టె ఒక్కటి వచ్చే ధరకే ఇక్కడ జత వస్తున్నది. మా తాతగారి రేడియో మీద ఉన్న పేరే వీటి మీదా ఉంది. ఆ పాత కంపెనీయే మళ్లీ వచ్చిందని దుకాణదారు అంటున్నారు. నమ్మి కొనవచ్చా?
(ఒక పాఠకుడు, పరకాల)

జవాబు: మీ తాతగారి రేడియో తయారుచేసినవారికీ, ఈ స్పీకర్లు తయారుచేసినవారికీ పేరు తప్ప వేరే సంబంధం ఉండాలన్న నియమం లేదు. కంపెనీ మూతపడినా, చేతులు మారినా దాని పేరు మాత్రం ఆస్తిగా మిగులుతుంది. దాన్ని కొనుక్కున్నవారు తామే వాడుకోవచ్చు, లేదా లైసెన్సు మీద ఇతరులకు ఇవ్వవచ్చు. రేడియోలకు పేరుపడ్డ బ్లౌపుంక్ట్ కథ దీనికి మంచి ఉదాహరణ. జర్మన్ భాషలో ఆ మాటకు నీలి చుక్క అని అర్థం. బెర్లిన్‌లో ఐడియల్ అనే పేరుతో నడిచిన ఆ కంపెనీ, పరీక్షలో నెగ్గిన హెడ్‌ఫోన్లకు మాత్రమే నీలి చుక్క అంటించేది. కొనేవారు దుకాణానికి వెళ్లి నీలి చుక్క ఉన్నవే అడగడం మొదలుపెట్టడంతో 1938లో ఆ చుక్కే కంపెనీ పేరయింది. దాని యజమాని అయిన బాష్ సంస్థ 2009లో ఆ వ్యాపారాన్ని వదులుకున్నాక ఇప్పుడు ఆ పేరు లైసెన్సుపై వేర్వేరు సంస్థల ఉత్పత్తుల మీద కనిపిస్తున్నది. ఒకనాడు పరీక్షకు గుర్తుగా పుట్టిన పేరే అయినా, నేడు ఏ పెట్టెను ఎవరు పరీక్షించారో కేవలం దాన్ని బట్టి తెలుసుకోలేము.

అలాగని చేతులు మారిన ప్రతి పేరునూ అనుమానించనక్కరలేదు. 1932లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో గిల్బర్ట్ బ్రిగ్స్ స్థాపించిన స్పీకర్ల కంపెనీ వార్ఫ్‌డేల్, తర్వాతి కాలంలో ఐఏజీ అనే సంస్థ చేతికి వెళ్లింది. ఆ సంస్థకు సొంత ఫ్యాక్టరీలు ఉన్నాయి. కాబట్టి పేరు ఎంత పాతదన్న ప్రశ్నను పక్కనబెట్టి, దుకాణదారును రెండు విషయాలు అడగండి: ఈ పెట్టెను ఎవరు తయారుచేశారు, చెడిపోతే విడిభాగం ఎవరిస్తారు? మొదటిదానికి జవాబు అట్టపెట్టె మీదే దొరకాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు అక్కడ ముద్రించి ఉండాలి. దిగుమతి సరుకైతే తయారైన దేశం పేరూ ఉండాలి. ఇవి లేని పెట్టెను ధర ఎంత తక్కువైనా ముట్టుకోవద్దని నా గట్టి సలహా.

ఇక 3000 వాట్ల సంగతి. స్పీకరు నిలకడగా గంటల తరబడి మోయగల శక్తిని ఆర్ఎంఎస్ అంటారు. క్షణకాలం ఎగసే గరిష్ఠ శక్తి పీక్. కొన్ని పెట్టెల మీద కనిపించే పీఎంపీవో అనే అంకెకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి ఏదీ లేదు, అమ్మేవారు ఎంతైనా వేసుకోవచ్చు. పెట్టె వెనుక కరెంటు తీగ దిగేచోట ఫ్యూజు విలువ చూడండి. అక్కడ 3 ఆంపియర్లు అని ఉంటే 230 వోల్టుల వద్ద ఆ పెట్టె నిలకడగా తీసుకోగలిగేది 690 వాట్లు. తీసుకున్నదానికంటే ఎక్కువ శక్తిని అది నిలకడగా బయటికి ఇవ్వలేదు.

నిజానికి మీకు అంత శక్తి అవసరమే లేదు. వాట్లు రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి ఆ తేడా కొద్దిగానే తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది సెన్సిటివిటీ, అంటే ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందన్న లెక్క. 96 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న పెట్టెకు నిజమైన 200 వాట్లు ఇస్తే మీటరు దూరంలో 119 డెసిబెల్స్ వస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి 32 మీటర్ల దూరంలో అది 89 దగ్గర నిలుస్తుంది. మామూలుగా మాట్లాడుకునే గొంతు సుమారు 60 డెసిబెల్స్ ఉంటుందని గుర్తుంచుకుంటే, ఊరి నడుమ బతుకమ్మ ఆడే స్థలానికి ఇది ధారాళంగా సరిపోతుందని మీకే అర్థమవుతుంది.

ఒగ్గుకథకు మరో లెక్క ఉంది. డోలు దెబ్బ ఎలాగూ దూరం వెళుతుంది. వెళ్లవలసింది కథకుడి మాట. మాటలోని హల్లులను విడదీసి వినిపించేది గరాటులాంటి హార్న్ వెనుక ఉండే డ్రైవరు (హెచ్చు స్వరాలు పలికే భాగం), దానికి తగిన క్రాసోవర్ (హెచ్చు, తగ్గు స్వరాలను విడదీసి పంచే సర్క్యూట్). చౌక పెట్టెల్లో కోత పడేది సరిగ్గా అక్కడే. మొన్న వేసవిలో హనుమకొండలో నాకు తెలిసిన మెకానిక్ అలాంటి పెట్టెనొకదాన్ని విప్పుతుంటే పక్కనే కూర్చున్నాను. 15 అంగుళాల కోన్ (కదులుతూ శబ్దం చేసే గిన్నెలాంటి పొర) వెనుక ఉన్న మాగ్నెట్ అరచేతిలో ఇమిడిపోయింది. క్రాసోవర్ ఉండవలసిన చోట జిగురుతో అంటించిన ఒకే ఒక కెపాసిటర్ ఉంది, తగ్గు స్వరాలు పలికే ఊఫర్‌కు ఏ వడపోతా లేదు. ఆయన రెండు బొటనవేళ్లతో కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కితే దాని వెనుక ఉండే తీగచుట్ట, అంటే కాయిల్, గరగరమని రాసుకున్నది. కొత్త పెట్టెకైనా ఈ పరీక్ష మీరే చేయవచ్చు. శబ్దం లేకుండా లోపలికి వెళ్లి రావాలి.

అందుచేత అదే డబ్బుతో 15 అంగుళాల మోజు మానుకొని, ఆర్ఎంఎస్, సెన్సిటివిటీ రెండూ స్పష్టంగా రాసి, రీకోనింగ్ కిట్టు (చెడిన కోన్, కాయిల్ మార్చే విడిభాగాలు) వరంగల్‌లోనే దొరికే 12 అంగుళాల జత తీసుకోండి. కొనేముందు పాట పెట్టించుకోకండి. మీ కథకుణ్ణి వెంట తీసుకువెళ్లి, మీ మైకుతోనే పది నిమిషాలు కథ చెప్పించి, మీరు దుకాణం బయట రోడ్డు అవతల నిలబడి వినండి. ప్రతి మాటా అందితే ఆ పెట్టె మీది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడకంపై నిషేధం ఉన్నందున, తెల్లవార్లూ సాగే కథలకు ముందుగా అనుమతి సంగతి చూసుకోవడం మరవకండి.

ప్రశ్న: నేను మైకు సెట్టు అద్దెకిచ్చి బతుకుతున్నాను. ఇటువంటి స్పీకర్లే ఆన్‌లైన్‌లో కొన్నాను. నాలుగు నెలలకే కాయిల్ కాలిపోయింది. ఓవర్‌లోడ్ చేశారంటూ దిగుమతిదారు వారంటీ ఇవ్వనంటున్నారు. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, నర్సంపేట)

జవాబు: మిక్సర్‌లో ఎర్ర దీపం వెలుగుతున్నా శబ్దం పెంచుతూ పోతే కాయిల్ కాలడం నిజమే. అయితే 3000 వాట్స్ అని ముద్రించి అమ్మినవారు, దానిలో చిన్న భాగానికే కాలిపోయిన పెట్టెకు మిమ్మల్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ముందు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫిర్యాదు చేయండి. పని కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని ఎదుటివారు వాదించవచ్చు. సొంత శ్రమతో బతుకుతెరువు కోసం కొన్నవారిని చట్టం వినియోగదారుగానే చూస్తుంది కనుక ఆ మాట ఫిర్యాదులోనే స్పష్టంగా రాయండి. వాట్ల సంఖ్య కనిపించేలా ఆ ప్రకటన పేజీని, అట్టపెట్టెను ఫొటో తీసి, బిల్లుతో జతచేయండి. ఫిర్యాదు తేలేదాకా ఆ కోన్‌ను ఎవరిచేతా రీకోనింగ్ చేయించవద్దు. కాలిన కాయిల్ అలాగే ఉండాలి.