క్రిస్ చెలియోస్ 48 ఏళ్ల వయసు దాకా ఐస్ హాకీ ఎలా ఆడగలిగారు?

మీరు రెండు సంగతులు అడిగారు. అమెరికా డిఫెన్స్‌మన్ క్రిస్ చెలియోస్ 48 ఏళ్లు వచ్చేదాకా ఉత్తర అమెరికా ప్రధాన హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎలా నిలిచారన్నది మొదటిది. 26 సీజన్లు ఆడి 185 గోల్స్ మాత్రమే చేసిన ఆటగాణ్ణి అంత గొప్పవాడని ఎందుకంటారన్నది రెండోది. నా దృష్టిలో ఈ రెండింటికీ జవాబు ఒక్కటే. అది ఆయన శరీర దారుఢ్యం కంటే ఆయన తన పనిని అర్థం చేసుకున్న తీరులోనే ఎక్కువగా ఉంది.

నేను 2000లో ఉద్యోగరీత్యా మిచిగన్ రాష్ట్రానికి వచ్చాను. చెలియోస్ అప్పటికే డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టులో ఉన్నారు. ఆ తరువాత అక్కడ ఆయన ఆడిన తొమ్మిదేళ్లూ ఆ జట్టు స్టేడియమైన జో లూయిస్ అరీనాలో కొన్నిసార్లు, టీవీలో చాలాసార్లు ఆయన ఆట చూశాను. ఆ తరువాత నా 41వ ఏట నేనే స్కేట్లు కట్టుకుని, పెద్దవాళ్ల కోసం నడిపే ప్రారంభకుల జట్టులో డిఫెన్స్ స్థానంలో ఆడడం మొదలుపెట్టాను. చూసేవాడిగా ఉన్నప్పుడు నాకు అర్థం కాని విషయాలు ఆడడం మొదలుపెట్టాకే అర్థమయ్యాయి కనుక, ముందు డిఫెన్స్‌మన్ పని ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను.

ఐస్ హాకీలో గోలీ, అంటే గోల్ కాపాడేవాడు, కాక ఒక్కో జట్టు నుంచి ఐదుగురు మంచు మీద ఉంటారు. వారిలో ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్‌మన్‌లు. రింక్, అంటే ఆడే మంచు మైదానం, పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. ఎదుటి జట్టు దూసుకొస్తున్నప్పుడు డిఫెన్స్‌మన్ వారికి వీపు చూపకూడదు. వెనక్కి స్కేటింగ్ చేస్తూ, వచ్చేవాడికీ తనకూ మధ్య ఒక స్టిక్ పొడవు కంటే కాస్త ఎక్కువ ఎడం ఉండేలా చూసుకుంటూ, అతణ్ణి మెల్లమెల్లగా గోడ వైపుకు తోసుకుపోవాలి. ఎడం తగ్గితే అతను పక్క నుంచి దాటిపోతాడు, పెరిగితే నింపాదిగా గురి చూసి కొడతాడు. నాకు నేర్పిన శిక్షకుడు మొదటి రోజే, పక్‌ను, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను, చూడవద్దని, వచ్చేవాడి ఛాతీని చూడమని చెప్పారు. పక్‌ను ఎటు కావాలంటే అటు ఆడించి మోసం చేయవచ్చు గానీ, మనిషి వెళ్లేది ఛాతీ తిరిగిన వైపే. చిన్నప్పుడు మా ఊళ్లో కబడ్డీ ఆడుతుంటే, కూతకు వచ్చినవాడి చేతుల్ని కాదు, నడుమును చూడమని పెద్దవాళ్లు అనేవారు. ఇన్ని వేల మైళ్ల దూరంలో, గడ్డకట్టిన నీటి మీద, మళ్లీ అదే మాట వినడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఇది తెలిసిన కంటితో చూస్తే చెలియోస్ ఆట వేరుగా కనబడుతుంది. 2007 శీతకాలంలో ఒక ఆటకు నాకు మూలన ఉన్న అద్దపు గోడకు ఐదు వరుసల దూరంలో సీటు దొరికింది. ఆయన అప్పుడు 45 దాటిన మనిషి. తన వయసులో సగం ఉన్న ఒక ఫార్వర్డ్ పక్ తీసుకుని ఆ మూలకు వేగంగా వచ్చాడు. చెలియోస్ అతని వెంట పడలేదు. అతను తిరగబోయే చోటు ముందే తెలిసినట్టు రెండడుగులు అడ్డంగా జరిగి, స్టిక్‌ను ఒంటిచేత్తో పట్టుకుని పక్ పోయే దారిలో మంచుకు ఆనించారు. అతను ఆగక తప్పలేదు. ఆగిన ఆ క్షణంలోనే ఈయన తన తుంటిని అతని తుంటికి ఆనించి గోడకు అదిమి ఉంచారు. పక్ ఇద్దరి స్కేట్ల మధ్య చిక్కుకుంది. ఈయన ఎడమ స్కేట్ అంచుతో దాన్ని వెనక ఉన్న సహచరుడికి తోసి, అతణ్ణి ఇంకొక్క క్షణం అలాగే పట్టి ఉంచి, వదిలేసి, బెంచీ వైపు వెళ్లిపోయారు. అంతా కలిపి నాలుగు సెకన్లు కూడా పట్టి ఉండదు. చప్పట్లు లేవు, స్కోరు బోర్డు మీద మార్పు లేదు, మరుసటి రోజు పత్రికలో దాని ఊసు ఉండే అవకాశమే లేదు. కానీ ఒక గోల్ పడే దారి ఆ మూలనే మూసుకుపోయింది.

ఇక ఆయన జీవితం సంగతికొస్తే, చెలియోస్ 1962 జనవరి 25న చికాగో ప్రాంతంలో పుట్టారు. ఆయన తండ్రి గ్రీస్ నుంచి వలస వచ్చి హోటళ్లు నడిపినవారు. 1977లో ఆ కుటుంబం కాలిఫోర్నియాలోని శాన్ డియేగో దగ్గరకు మారింది. ఐస్ హాకీ ఆడే పిల్లవాడికి అంతకంటే ప్రతికూలమైన చోటు అప్పట్లో మరొకటి ఉండదేమో. అక్కడి విశ్వవిద్యాలయ జట్టు ఆయనను తీసుకోలేదు. కెనడా వెళ్లి జూనియర్ స్థాయిలో ప్రయత్నిస్తే అక్కడి జట్లూ వద్దన్నాయి. తిరిగి ఇంటికి వెళ్లడానికి చేతిలో డబ్బు లేక, దారిలో ముక్కూ మొహం తెలియని వారి దగ్గర అప్పు అడగవలసి వచ్చింది. తరువాత శరీరం ఎదిగి, కండ పట్టి, సస్కాచెవాన్‌లోని మూస్ జా పట్టణపు జట్టులో చోటు దొరికాక గానీ ఆయన ప్రతిభ నలుగురి కంట పడలేదు. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1981లో, మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు ఆయనను 40వ ఎంపికగా తీసుకుంది. ఆ తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి 1983లో జాతీయ కళాశాలల టైటిల్ గెలిచారు, 1984 సరయేవో ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున ఆడారు. ఆ ఏడే ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టారు.

మాంట్రియల్‌లో ఆయన యువకుడు, దూకుడు మనిషి. తొలి పూర్తి సీజనులోనే 64 పాయింట్లు (గోల్స్, గోల్‌కు తోడ్పడిన అసిస్టులు కలిపి) సాధించారు. 1986లో ఆ జట్టుతో, ఎన్‌హెచ్‌ఎల్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ అందుకున్నారు. 1988-89లో 73 పాయింట్లు చేసి, లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నారిస్ ట్రోఫీ మొదటిసారి గెలుచుకున్నారు. 1990 వేసవిలో మాంట్రియల్ ఆయనను చికాగోకు ఇచ్చి, బదులుగా డెనిస్ సవార్డ్‌ను తీసుకుంది. సవార్డ్ చికాగో ప్రేక్షకుల ఆరాధ్య ఆటగాడు. అలాంటి వ్యక్తికి బదులుగా రావడం ఎవరికైనా బరువైన విషయమే. కానీ చెలియోస్ ఆ ఊరి బిడ్డ. 1992లో ఆ జట్టు ఫైనల్ చేరి పిట్స్‌బర్గ్ చేతిలో నాలుగు ఆటల్లోనూ ఓడింది. ఆయన 1993లోనూ 1996లోనూ మళ్లీ నారిస్ ట్రోఫీ గెలిచారు, 1995 నుంచి జట్టుకు కెప్టెన్‌గా ఉన్నారు.

ఆయనను అభిమానించేవాడిగా నేను దాచకూడని విషయాలు కూడా ఉన్నాయి. తప్పు చేసిన ఆటగాడు మంచు దిగి కాసేపు పెనాల్టీ పెట్టెలో కూర్చోవాలి. కెరీర్ మొత్తంలో ఆయన పెనాల్టీ నిమిషాలు 2,891. 1992-93 ఒక్క సీజనులోనే 282 నిమిషాలు పెట్టెలో కూర్చున్నారు. వాటిలో కొన్ని ఆటలో భాగంగా వచ్చినవే అయినా, స్టిక్‌తోనూ మోచేత్తోనూ ప్రత్యర్థులను గాయపరిచిన సందర్భాలు లేకపోలేదు. 1994లో యాజమాన్యాలు లీగ్‌ను మూసి ఉంచినప్పుడు, కమిషనర్ గ్యారీ బెట్‌మన్ కుటుంబం ప్రస్తావన తెచ్చి ఆయన అన్న మాటలు బెదిరింపుగా వినిపించాయి. తరువాత క్షమాపణ చెప్పారు. 1998 నగానో ఒలింపిక్స్‌లో అమెరికా ఆటగాళ్లు తమ గదుల్లో సామాను పాడుచేసినప్పుడు, చేసినదెవరో బయటకు రాకపోయినా, కెప్టెన్ హోదాలో క్షమాపణతో పాటు 3,000 డాలర్ల చెక్కు పంపినదీ ఆయనే. ఈ మనిషిలో కోపమూ బాధ్యతా పక్కపక్కనే ఉన్నాయని నాకు అనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ రెండోది పైచేయి అయింది.

1999 మార్చిలో చికాగో ఆయనను డెట్రాయిట్‌కు పంపింది. ఈ రెండు జట్ల మధ్య పాత వైరం ఉంది. అంతకుముందు ఆయన తాను ఎన్నటికీ డెట్రాయిట్‌కు ఆడనని అన్నవారే. వచ్చేనాటికి ఆయనకు 37 ఏళ్లు. చాలామంది డిఫెన్స్‌మన్‌లు అప్పటికే ఆట మానేసి ఉంటారు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే మొదలవుతుంది.

డెట్రాయిట్‌లో అప్పటికే డిఫెన్స్‌మన్ నిక్లాస్ లిడ్‌స్ట్రామ్ ఉన్నారు. పవర్ ప్లేలో (ఎదుటివాడు పెనాల్టీ పెట్టెలో ఉండగా) వెనక నుంచి దాడిని నడిపే పని, అంటే చెలియోస్‌కు అంతవరకు పేరు తెచ్చిన పని, ఇక లిడ్‌స్ట్రామ్‌దే. మూడు నారిస్ ట్రోఫీలు గెలిచిన మనిషి దీన్ని అవమానంగా తీసుకుని ఉండవచ్చు. ఆయన మాత్రం తన వాటాకు వచ్చిన పనిని, అంటే తమ జట్టువాడు పెనాల్టీ పెట్టెలో ఉండగా నలుగురితో ఐదుగురిని ఆపడం, ఆధిక్యంలో ఉన్నప్పుడు చివరి నిమిషాలు కాపాడడం, ఎదుటి జట్టులోని మేటి ఫార్వర్డ్‌ను రాత్రంతా అంటిపెట్టుకుని ఉండడం వంటి పనులను, తన స్వంత ఆటగా చేసుకున్నారు. పట్టువిడుపులు తెలియడం అంటారే, అది ఇదే. పనిమీద పట్టు వదల్లేదు, పదవిమీద పట్టు వదిలేశారు. 2001-02 సీజనులో, 40 ఏళ్లు నిండిన ఏడాదిలో, ఆయన చేసినవి 6 గోల్స్, 33 అసిస్టులు మాత్రమే. కానీ ప్లస్-మైనస్ లెక్కలో +40తో లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచారు. స్థూలంగా చెప్పాలంటే, ఆయన మంచు మీద ఉండగా ఇరు జట్లూ సమాన సంఖ్యలో ఆడుతున్నప్పుడు తమ జట్టు చేసిన గోల్స్ ఎదుటివారివాటికంటే నలభై ఎక్కువ. నారిస్ ఓటింగులో ఆ ఏడాది లిడ్‌స్ట్రామ్ తరువాత రెండో స్థానం ఆయనదే. ఫిబ్రవరిలో సాల్ట్ లేక్ సిటీలో కెప్టెన్‌గా అమెరికాకు ఒలింపిక్ రజతం తెచ్చి, జూన్‌లో స్కాటీ బౌమన్ శిక్షణలోని డెట్రాయిట్‌తో రెండో స్టాన్లీ కప్ గెలిచారు. నేను ఆ ఏడాది ఈ ఆటను ఇంకా నేర్చుకుంటున్నాను. గోల్స్ కొట్టేవారినే చూస్తున్న నన్ను మా ఆఫీసులోని ఒక పెద్దాయన, మిచిగన్‌లోనే పుట్టి పెరిగినవారు, ఈ ఆటలో 24వ నంబరును, అంటే చెలియోస్‌ను, చూడమని మందలించారు. ఆ మాటకు నేను ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

శరీరం గురించి అడిగారు కనుక అదీ చెప్పాలి. వేసవుల్లో ఆయన కాలిఫోర్నియాలోని వెనిస్‌లో టి.ఆర్. గుడ్‌మన్ అనే శిక్షకుడి వద్ద సాధన చేసేవారు. సౌనా అనే వేడి గదిలో వ్యాయామ సైకిల్ పెట్టించుకుని, ఆ ఉక్కలోనే తొక్కేవారన్నది హాకీ లోకమంతా ఎరిగినదే. సముద్రంలో నిలబడి తెడ్డు వేసే పలక మీద గంటల తరబడి గడిపేవారు. ఇవన్నీ నిజమే. కానీ నా అనుభవంలో, కాళ్లలో సత్తువ ఉన్నా స్థానం తప్పితే మనిషి ఒక్క షిఫ్టుకే అలిసిపోతాడు. ఒక షిఫ్టు, అంటే మంచు మీదకు దిగి మళ్లీ బెంచీకి వచ్చేదాకా ఆడే సమయం, సాధారణంగా 45 సెకన్ల పాటు ఉంటుంది. అందులో అనవసరంగా పరిగెత్తిన ప్రతి అడుగూ తరువాతి షిఫ్టులో తెలిసివస్తుంది. చెలియోస్ అనవసరమైన అడుగు వేయడం నేను చాలా అరుదుగా చూశాను. వ్యాయామం ఆయనకు ఆ అడుగులు వేసే శక్తినిస్తే, ఎక్కడ వేయనక్కరలేదో తెలియడం ఆ శక్తిని నిలిపింది.

2008 ఏప్రిల్‌లో ఆయన గోలీ పాట్రిక్ రాయ్‌ను దాటి, ప్లే-ఆఫ్స్‌లో, అంటే సీజను చివర కప్ కోసం జరిగే పోటీల్లో, అత్యధిక ఆటలు ఆడిన ఆటగాడయ్యారు. ఆ లెక్క చివరకు 266 వద్ద ఆగింది. ఆ సీజను మొత్తంలో 69 ఆటల్లో ఆయన పాయింట్లు 12 మాత్రమే. అయినా జట్టు ఆయనను పెనాల్టీ వేళల్లో నమ్ముకునే ఉంది. ఆ జూన్‌లో 46 ఏళ్ల వయసులో మూడో కప్ చేతికెత్తుకున్నారు. ఫైనల్ ఆటల్లో మాత్రం గాయం తరువాత ఆయన బయటే కూర్చోవలసి వచ్చింది, టీవీలో చూస్తూ నాకది కష్టంగానే అనిపించింది. మరుసటి ఏడు డెట్రాయిట్ ఒప్పందం పొడిగించలేదు. అప్పుడు కూడా ఆయన మానలేదు. కింది స్థాయి లీగ్‌లో చికాగో వుల్వ్స్ తరఫున, తన పిల్లల ఈడువారితో కలిసి ఆడారు. 2010లో అట్లాంటా జట్టు పిలిస్తే వెళ్లి మరో ఏడు ఎన్‌హెచ్‌ఎల్ ఆటలు ఆడారు. ఆ ఆగస్టు 31న విరమించారు. మొత్తం 1,651 ఆటలు. డిఫెన్స్‌మన్‌లలో అది అప్పటి రికార్డు, 2022లో స్లొవేకియాకు చెందిన జ్డేనో చారా దాన్ని దాటారు. 2013లో చెలియోస్‌కు హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

2024 ఫిబ్రవరి 25న చికాగో, తమ జట్టులో ఆయన వేసుకున్న 7వ నంబరు జెర్సీని పైకప్పుకు ఎత్తి గౌరవించింది. ఎన్నో ఏళ్ల కిందట ఆయన డెట్రాయిట్ జెర్సీ వేసుకున్నందుకు కోపగించుకున్న ఊరు అది. ఆ రాత్రి ఆట కూడా డెట్రాయిట్‌తోనే.

మీరు పాత ఆటల వీడియోలు చూసేవారైతే, 2002లో డెట్రాయిట్, కొలరాడో మధ్య జరిగిన ప్లే-ఆఫ్ సిరీస్‌తో మొదలుపెట్టండి. ఒక పీరియడ్ అంటే 20 నిమిషాల ఆట. ఆ 20 నిమిషాలూ పక్ ఎటుపోయినా పట్టించుకోకుండా 24వ నంబరు ఉన్న చోటనే కళ్లు ఉంచండి. తెల్లదుస్తుల్లో ఉన్న ఆటలో అయితే అంకె ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఎదుటివాడు గోడ దగ్గరకు రాకముందే ఆయన అక్కడికి ఎలా చేరుకుంటున్నారో రెండు మూడు సార్లు వెనక్కి తిప్పి చూడండి. చూశాక ఇంకా సందేహాలుంటే ఇక్కడే రాయండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.