గుండెపోటు రాకుండా నాన్న వేసుకునే ఆస్పిరిన్ ఆపేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, రెండూ అదుపులోనే ఉన్నాయి. గుండెపోటు ఎప్పుడూ రాలేదు. ముందు జాగ్రత్తగా పదేళ్ల నుంచి రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. అది అవసరం లేదని ఈమధ్య చదివాను. అప్పుడు వేసుకోమని, ఇప్పుడు వద్దంటే ఎవరిని నమ్మాలి? రేపటి నుంచే మానిపించనా? - ఒక పాఠకురాలు

జవాబు: రేపటి నుంచే మానిపించకండి. డాక్టర్‌ని అడిగాకే ఏదైనా. మీ అనుమానం మాత్రం సరైనదేనమ్మా.

ముందు ఒక్కటి తేల్చుకోవాలి. నాన్నగారికి ఎప్పుడైనా స్టెంట్ వేశారా? బైపాస్ జరిగిందా? పక్షవాతం వచ్చిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ కొత్త సలహా ఆయనకు వర్తించదు. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి ఆస్పిరిన్ మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. స్టెంట్ ఉన్నవారు చెప్పకుండా మానేస్తే అందులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. పాత ఫైళ్లు తీసి చూడండి.

అలాంటివేవీ లేకపోతే అసలు విషయానికొద్దాం. 1980లలో అమెరికాలో 22 వేల మంది మగ డాక్టర్ల మీదే ఒక పరిశోధన జరిగింది. ఆస్పిరిన్ వేసుకున్నవారిలో గుండెపోట్లు 44 శాతం తగ్గాయి. మా తరం డాక్టర్లం ఆ నమ్మకంతోనే ఎంతోమందికి ఈ మాత్ర రాశాం. తర్వాత కాలం మారింది. బీపీకి మంచి మందులు, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్లు వచ్చాయి, పొగతాగేవాళ్లు తగ్గారు. ఆస్పిరిన్ కొత్తగా చేసే మేలు చిన్నదైపోయింది. ఆస్పిరిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి రక్తస్రావం ముప్పు మాత్రం అలాగే ఉండిపోయింది, పైగా వయసుతో పెరుగుతుంది.

2018లో వచ్చిన ఆస్ప్రీ పరిశోధన చూడండి. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19 వేల మందికి పైగా పెద్దవాళ్లు, చాలామంది 70 దాటినవారే. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతావారికి మందు లేని ఉత్త మాత్ర. సుమారు అయిదేళ్లు చూసినా గుండె జబ్బులు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. తీవ్రమైన రక్తస్రావం మాత్రం ఉత్త మాత్ర వారిలో వెయ్యికి 28 మందికి, ఆస్పిరిన్ వారిలో 38 మందికి వచ్చింది. అదే ఏడాది షుగర్ ఉన్నవారి మీద వచ్చిన అసెండ్ పరిశోధనలో గుండెకు కొంత మేలు కనిపించింది కానీ, రక్తస్రావం ఆ మేలును చాలావరకు మింగేసింది. అందుకే 60 దాటినవారికి ముందు జాగ్రత్త కోసం ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టొద్దని అమెరికా నిపుణుల సంఘం 2022లో చెప్పింది.

గమనించారా, "కొత్తగా మొదలుపెట్టొద్దని". ఏళ్లుగా వాడుతున్నవారి సంగతి ఒక్కొక్కరినీ చూసి తేల్చాలి. కడుపులో పుండు వచ్చిందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడుతున్నారా అన్నవి చూస్తాం. ఆ నొప్పి మాత్రల సంగతి పెద్దవాళ్లు తరచూ చెప్పరు, ఎందుకంటే వాటిని మందుల్లో లెక్కేయరు. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుంది. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీ ఒక్కటే కాదు, నాన్నగారు వేసుకునే ప్రతి మాత్ర అట్టా సంచిలో వేసుకెళ్లండి.

బీపీ, షుగర్, స్టాటిన్ మాత్రలు మాత్రం ఆపకండి, ఆస్పిరిన్ గురించిన ఈ మాట వాటికి వర్తించదు.

ఈలోపు మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతిలో కాఫీ పొడిలాంటిది కనిపించినా అది కడుపులో రక్తస్రావం కావచ్చు, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.