ది సన్, ది గార్డియన్: ఏది చదవడం తేలికో లెక్కల్లో ఎలా తేల్చాలి?

ముందు ఒకే రోజు ఒకే వార్త మీద ఈ రెండు బ్రిటిష్ దినపత్రికలూ రాసిన కథనాలను జతలుగా తీసుకోండి, ఎందుకంటే సన్‌లోని ఫుట్‌బాల్ వార్తను గార్డియన్‌లోని బడ్జెట్ వ్యాసంతో పోలిస్తే బయటపడేది విషయాల తేడానే గానీ పత్రికల తేడా కాదు. వాక్యాలు పొట్టిగా ఉంటే చదవడం తేలికని ఇక్కడ లెక్క, కాబట్టి ప్రతి కథనంలో వాక్యానికి సగటున ఎన్ని పదాలో లెక్కపెట్టండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: ఒకే కథనంలోని 40 వాక్యాలను 40 విడి నమూనాలు అనుకుంటారు. అవన్నీ ఒకే చేతి రాత, ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. నమూనా అంటే కథనమే. జతల మధ్య తేడాలు తీసి విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ పరీక్ష చేయండి. ఇది తేడాలను చిన్న నుంచి పెద్దకు వరుసలో పెట్టి, అవి ఒకవైపే మొగ్గుతున్నాయా అని చూస్తుంది, అందుకే ఒకట్రెండు జతల్లో తేడా విపరీతంగా ఉన్నా ఫలితం పెద్దగా చెదరదు. పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) దగ్గరే ఆగిపోకుండా, తేడా ఎన్ని పదాలో కూడా తప్పక చెప్పండి.